చల్లబడిన పసి కుక్కపిల్లకు వెంటనే పాలు పట్టవచ్చా?

పట్టకూడదు, ఏడాది నిండని కుక్క అనుకోకుండా చూలు కట్టి ఈని, బెదురుతో పిల్లను దగ్గరకు తీసుకోనప్పుడు, చల్లబడిన ఆ పిల్లకు ముందు వెచ్చదనం, ఆ తరువాతే పాలు ఇవ్వాలి.

పుట్టిన మొదటి వారంలో కుక్కపిల్లకు వణికి ఒంట్లో వేడి పుట్టించుకొనే శక్తి ఉండదు కనుక, ఒళ్లు చల్లబడగానే పేగుల కదలిక మందగించి, పట్టిన పాలు అరగక కడుపులోనే నిలిచిపోతాయి, సరిగా మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంటుంది. వేడినీళ్ల సీసాను మందపాటి గుడ్డలో చుట్టి పక్కన పెట్టి నెమ్మదిగా వెచ్చబరచాలి; నోటికి వేలు తాకిస్తే చప్పరించే స్థితికి వచ్చాక, తల్లిని పడుకోబెట్టి చన్ను అందించాలి. రోగాలను తట్టుకొనే శక్తినిచ్చే ముర్రుపాలు మొదటి 24 గంటల్లోనే ఒంటబడతాయి, కాబట్టి ఇందులో జాప్యం తగదు.

పిల్లకు పాలు సరిపోతున్నాయో లేదో బరువును బట్టి తెలుస్తుంది; ఉదాహరణకు, 250 గ్రాములతో పుట్టిన పిల్ల 10వ రోజుకు దాదాపు 500 గ్రాములు తూగాలి. రోజూ తూచినప్పుడు బరువు పెరగకపోతే పశువైద్యునికి చూపించాలి.

పిల్ల అరుపంతా ఆకలేనని భావించి ఆవుపాలు పోయడం చాలామంది చేసే పొరపాటు. ఆ అరుపు తరచు చలివల్ల వచ్చేదే. పైగా కుక్కపాలలో మాంసకృత్తులు, కొవ్వు ఆవుపాలకన్నా సుమారు రెట్టింపు ఉంటాయి, అందువల్ల తల్లిపాలు చాలనప్పుడు కుక్కపిల్లల కోసమే తయారైన పాలపొడిని వాడాలి.