ఊపిరి లెక్క

ప్రశ్న: మొన్న ఒక అంతరిక్ష సినిమా చూశాం. నలుగురున్న వ్యోమనౌకకి రాయి తగిలి గాలి శుద్ధి చేసే యంత్రం పాడవుతుంది. ఉన్న ఆక్సిజన్ ముగ్గురికే సరిపోతుందని చీట్లు వేసి ఒకరిని బయటికి పంపేస్తారు. ఇలా నిజంగా జరగొచ్చా?
– డిగ్రీ విద్యార్థులు, ఆమదాలవలస

జవాబు: గాలి శుద్ధి ఆగిపోతే ప్రాణం మీదికి ముందు తెచ్చేది మనం వదిలే కార్బన్ డయాక్సైడ్. ఆక్సిజన్ వంతు ఆ తర్వాతే. సినిమా తప్పు సరుకుని లెక్కపెట్టింది.

మనిషికి రోజుకి సుమారు 840 గ్రాముల ఆక్సిజన్ కావాలి. వదిలే కార్బన్ డయాక్సైడ్ దాదాపు కిలో, అంటే గంటకి 22 లీటర్ల పైనే. ఎనిమిదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తున్న గదిలో పట్టే గాలి సుమారు 10 వేల లీటర్లు. గాలి చొరకుండా మూసిన అంత చోట నలుగురుంటే గంటకి 90 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ పోగవుతుంది. ఐదున్నర గంటలకి 5 శాతం. మూడు శాతం దగ్గరే తలనొప్పి పట్టుకుంటుంది, ఐదుకి ఆయాసం, కంగారు, పదికి స్పృహ తప్పుతుంది. 5 శాతానికి చేరే వేళకి ఆక్సిజన్ ఇంకా 15 శాతం ఉంటుంది. గాలి పల్చగా ఉండే ఎత్తైన లేహ్‌లో ఉండేవాళ్లకి అందేది అంతకంటే తక్కువ!

పాత నూతిలో పూడిక తీయడానికి దిగేముందు లాంతరు కట్టి దించడం మన పల్లెల్లో తెలిసిందే. దీపం ఆరితే దిగకూడదు, సరే. ఆరలేదు కదాని దిగడం మాత్రం ప్రమాదం. 5 శాతం కార్బన్ డయాక్సైడ్‌లో దీపం వెలుగుతూనే ఉండొచ్చు, మనిషి తూలిపోతాడు. విషవాయువులున్నా అంతే.

నౌకలో ఈ వాయువుని పట్టేది లిథియం హైడ్రాక్సైడ్ గుళికల డబ్బా. కిలో గుళికలు పీల్చగలిగేది 900 గ్రాములకి కాస్త ఎక్కువ. అంటే తలకి రోజుకి కనీసం 1.1 కిలో ఉండాలి. గుళికలు వదులుగా నింపితే గాలి సందుల్లోంచి జారిపోతుంది, డబ్బా ఉన్నా లాభం ఉండదు. ఫ్యాన్ ఆగితే ఇంకో చిక్కు. అక్కడ బరువు తెలియదు కాబట్టి వేడిగాలి పైకి లేవదు. నిద్రపోయేవాడి ఊపిరి వాడి ముఖం చుట్టూనే మబ్బులా నిలిచిపోతుంది.

ఏప్రిల్ 1970లో చంద్రుడి మీదికి బయల్దేరి దారిలో దెబ్బతిన్న అమెరికా నౌక అపోలో 13కి వచ్చిన కష్టం ఇదే. చంద్రుడి మీద దిగడానికి ఇద్దరి కోసం చేసిన చిన్న నౌకలో ముగ్గురు తలదాచుకున్నారు. ఆక్సిజన్ సరిపడా ఉంది, గుళికల డబ్బాలే చాలలేదు. దానికి తగిలించి ఉన్న అసలు నౌకలోని డబ్బాలేమో చదరం, ఇక్కడి కన్నాలు గుండ్రం. ప్లాస్టిక్ సంచులు, పుస్తకాల అట్టలు, సూటు గొట్టాలు, టేపు కలిపి అతికించారు. ముగ్గురూ ఇంటికొచ్చారు.

ప్రశ్న: ఆ లెక్కలు ఎలా ఉన్నా, చీట్లు వేయడం న్యాయమేనా? ఒకరు తనంతట తానే వెళ్తానంటే తప్పేముంది?
– ఉపాధ్యాయురాలు, సోంపేట

జవాబు: ఎవరు పోవాలన్న మాట ఎత్తే ముందు నలుగురూ పని ఆపి పడుకున్నారా అన్నది చూడాలి. నిద్రలో ఉన్న మనిషి వదిలేది పనిచేసేవాడు వదిలేదాంట్లో సగం కూడా ఉండదు. పడుకున్న నలుగురి ఊపిరి, తిరుగుతున్న ముగ్గురి ఊపిరి కంటే తక్కువ. సినిమాలో ఆ పని ఎవరూ చేయలేదు. అరుచుకుంటూ గంటసేపు వాదించుకున్నారు!

సమ్మతి సంగతి ఇంకా బరువైనది. 5 శాతం కార్బన్ డయాక్సైడ్‌లో ఆయాసపడుతూ, తల దిమ్మెక్కి ఉన్న మనిషి "నేను వెళ్తాను" అంటే దాన్ని ఒప్పుకోలుగా తీసుకోకూడదని మా అభిప్రాయం. ఆపరేషన్‌కి సంతకం కూడా మత్తు ఇవ్వకముందే తీసుకుంటారు కదా. ఇలాంటి నియమాలు నేల మీద, తెరిపి గాలిలో, అందరూ కూర్చుని రాసుకోవలసినవి.

చట్టం సంగతి చెప్పాలంటే, 1884లో మిన్యోనెట్ అనే ఇంగ్లీషు ఓడ మునిగి నలుగురు చిన్న పడవలో చిక్కుకున్నారు. ఆకలికి తాళలేక ఇద్దరు, జబ్బుపడిన 17 ఏళ్ల కుర్రాణ్ణి చంపారు. నాలుగైదు రోజులకే వేరే ఓడ ఎదురైంది. ప్రాణావసరం హత్యకి సమర్థన కాదని కోర్టు తేల్చింది. మరణశిక్ష వేసి, తర్వాత ఆరు నెలల జైలుకి తగ్గించారు. ఆ నాలుగైదు రోజులు మాకు ఎప్పుడూ గుర్తొస్తాయి. సాయం ఎంత దూరంలో ఉందో తెలియనివాళ్లు ఇంకొకరి ప్రాణానికి లెక్క కట్టేశారు.

ప్రశ్న: సూటు లేకుండా బయటికెళ్లిన మనిషి బెలూన్‌లా పేలిపోవడం నిజమా?
– బొబ్బిలి పాఠకుడు

జవాబు: కాదు. ఒళ్లు ఉబ్బుతుంది, చర్మం పట్టి ఉంచుతుంది. 1966లో హ్యూస్టన్‌లో శూన్యగదిలో సూటు గొట్టం ఊడిన ఒక సాంకేతికుడు సుమారు 14 సెకన్లకి స్పృహ తప్పాడు. నాలుక మీద ఉమ్మి మరుగుతున్నట్టు అనిపించడం ఆయనకి చివరిగా గుర్తున్నది. గాలి నింపగానే తేరుకున్నాడు. ఊపిరి బిగబడితే మాత్రం ఊపిరితిత్తులు చిరుగుతాయి. నోరు తెరిచి గాలి వదిలేయాలి.