బ్యాటరీ మార్చినా బండి మొరాయిస్తోందా? ముందు ఆ డాంగిల్ పీకేయండి

ప్రశ్న: మా కారుకు పన్నెండేళ్లు. ఈమధ్యే కొత్త బ్యాటరీ వేయించాం. అయినా రెండు రోజులు కదపకపోతే స్టార్ట్ కావట్లేదు. బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ (కారు డయాగ్నస్టిక్ సాకెట్‌లో గుచ్చే చిన్న పరికరం) పెడితే, ఇంజిన్ నడుస్తుండగా ఫోన్ యాప్‌లో 13.1 వోల్టులు చూపిస్తోంది. ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసేది) మార్చమంటున్నారు. మార్చాలా?

జవాబు: ఇప్పుడే వద్దు. ఇదే ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తోంది. కొలవకుండానే బ్యాటరీ, తర్వాత ఆల్టర్నేటర్ మార్చుకుంటూ పోతున్నారు. యాప్‌లోని అంకె డయాగ్నస్టిక్ సాకెట్ దగ్గరిది. దారిలో ఉన్న వైర్లు, ఫ్యూజులు కొంత వోల్టేజి తినేస్తాయి. మల్టీమీటర్‌తో నేరుగా బ్యాటరీ పోస్టుల మీదే కొలవండి.

రాత్రంతా ఆపి ఉంచిన బండిలో 12.6 వోల్టులు ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగమే. ఇంజిన్ నడిపి హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసినా 13.8–14.5 మధ్య నిలవాలి. 15 దాటితే వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయినట్టే. 13.8 కన్నా తగ్గితే ఇంజిన్, లైట్లు, బ్లోయర్ అలాగే నడుస్తుండగా ఆల్టర్నేటర్ మీది లావు వైరు బోల్టుకూ బ్యాటరీ ప్లస్ పోస్టుకూ మధ్య కొలవండి. 0.3 వోల్టు దాటితే కేబుల్ తుప్పో, వదులైన నట్టో కారణం. ఆల్టర్నేటర్ బాడీకీ మైనస్ పోస్టుకూ మధ్య 0.2 దాటితే ఎర్త్ (బండి బాడీని బ్యాటరీ మైనస్‌కు కలిపే కనెక్షన్) లోపం. పాత బండిలో నేను ముందుగా అనుమానించేది ఎర్త్‌నే. ఇగ్నిషన్ ఆన్ చేయగానే బ్యాటరీ లైటు వెలగకపోతే బల్బు చూడండి. చాలా పాత మోడళ్లలో ఆల్టర్నేటర్‌ను మేల్కొలిపే కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది. పరీక్ష పేరుతో ఇంజిన్ నడుస్తుండగా టెర్మినల్ మాత్రం ఊడదీయకండి. వోల్టేజి ఒక్కసారిగా ఎగిసి బండిలోని కంప్యూటర్లు కాలిపోవచ్చు.

మీ లక్షణం చూస్తే అసలు అనుమానం ఆపిన బండిలో కారే కరెంటు మీద. మామూలుగా 50 మిల్లీ యాంపియర్ల లోపు ఉండాలి. ఆ లెక్కన రెండు రోజులకు పోయేది 2.4 యాంపియర్-అవర్లే, దానికి మంచి బ్యాటరీ చావదు. అర యాంపియర్ కారితే 24 పోతాయి. మైనస్ కేబుల్ తీసి, మీటర్ ఎర్ర వైరును దానిమీది 10 యాంపియర్ల రంధ్రంలో పెట్టి, ఊడదీసిన కేబుల్‌కూ మైనస్ పోస్టుకూ మధ్య మీటర్‌ను వరసలో కలపండి. తలుపులు మూసి ముప్పావు గంట ఆగి చదవండి. మీటర్ ఉండగా ఇంజిన్ తిప్పొద్దు. కరెంటు ఎక్కువుంటే మొదట డాంగిల్ పీకండి. డయాగ్నస్టిక్ సాకెట్‌లో కరెంటు ఎప్పుడూ ఉంటుంది. కొన్ని డాంగిళ్లు బండి కంప్యూటర్లను నిద్రపోనివ్వవు. అప్పటికీ తగ్గకపోతే ఫ్యూజులు ఒక్కొక్కటే తీయండి. ఏ ఫ్యూజుకూ తగ్గకపోతే ఆల్టర్నేటర్ లోపలి డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) లీకవుతుండవచ్చు, అదే అని తేలితే ఆల్టర్నేటర్ మార్చాల్సిందే.

బ్యాటరీ కన్నా నన్ను కలవరపెట్టేది ఆ డాంగిలే. 1234, 0000 లాంటి పిన్‌తో జతయ్యే చౌక పరికరం అది. పక్కనే ఆగిన బండిలోని వ్యక్తి కూడా జత చేసుకోగలడు. పాత బళ్లలో ఆ సాకెట్ వెనక బండి కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్, ఆదేశం ఎవరిచ్చారని అడగదు. 2015లో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఇదే సాకెట్‌లో పెట్టే ఒక సెల్యులార్ (మొబైల్ నెట్‌వర్క్‌తో పనిచేసే) డాంగిల్‌కు ఎస్సెమ్మెస్‌లు పంపి కారు బ్రేకులను ఆడించి చూపించారు. వోల్టేజి చూపే యాప్‌కు మీ కాంటాక్టులు ఎందుకు? అడిగితే తిరస్కరించండి. పని అయ్యాక డాంగిల్‌ను సాకెట్‌లో వదలొద్దు. పిన్ మార్చుకునే వీలే ఇవ్వకుండా ఇలాంటివి తయారుచేసి అమ్మడం క్షమించరాని నిర్లక్ష్యం.