పళ్ళు జివ్వుమంటుంటే కరెంటు బ్రష్షు వాడవచ్చునా?

ప్రశ్న: నా వయసు యాభై దాటింది. నెల్లూరులో స్థిరపడ్డాము గాని, నేను పుట్టి పెరిగింది కనిగిరి దగ్గర పల్లెలో. పళ్ళ మీద చిన్ననాటి నుంచీ గోధుమరంగు మచ్చలున్నాయి. కొంతకాలంగా చల్లటి నీళ్ళు తాగినా, మామిడికాయ వేసిన చేపల పులుసు తిన్నా ఎడమ వైపు పై పళ్ళు జివ్వుమని లాగుతున్నాయి. అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఈమధ్య వచ్చినప్పుడు సున్నితమైన పళ్ళకు మంచిదని ఒక ఎలక్ట్రిక్ బ్రష్షు తెచ్చి ఇచ్చాడు. వాడడం మొదలుపెట్టిన కొత్తలోనే చిగుళ్ళ నుంచి కొద్దిగా రక్తం కనబడింది. నోరంతా గిలిగింతలు పెట్టినట్టుగా కూడా ఉంది. అంత వేగంగా తిరిగేది పళ్ళను అరగదీయదా అని మా తోడికోడలు భయపెడుతున్నది. కొనసాగించమంటారా, మానేయమంటారా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: మానేయవలసిన అవసరం లేదు; అయితే బ్రష్షును మీరు పట్టుకునే తీరు మారాలని మీ ఉత్తరాన్ని బట్టి అనిపిస్తోంది. ఎడమ వైపు పై పళ్ళే లాగుతున్నాయన్నారు. కుడిచేతి వాటం వారు తోముకునేటప్పుడు సాధారణంగా ఎడమ వైపునే, అందులోనూ కోరపన్ను మీద, దాని వెనుక ఉన్న చిన్న దవడ పళ్ళ మీద ఎక్కువ బలం వేస్తుంటారు. ఏళ్ళ తరబడి అలా అడ్డంగా గట్టిగా రుద్దడం వల్ల అక్కడ చిగురు పైకి జారి, పంటి మొదలు బయటపడుతుంది. ఒక్కొక్కప్పుడు అక్కడ గోటికి తగిలేటంత నొక్కు కూడా ఏర్పడుతుంది. మీకు జరిగింది ఇదేనని చూడకుండా నిర్ధారించలేము గాని, అద్దం ముందు నిలబడి రెండు వైపుల కోరపళ్ళను పోల్చి చూస్తే, ఎడమది పొడవుగా కనబడుతున్నదేమో మీకే తెలుస్తుంది.

పంటి పైభాగాన్ని కప్పి ఉండే ఎనామిల్‌లో నరాలు లేవు కనుక దానికి చల్లదనం, పులుపు బాధ కలిగించవు. దాని కింద ఉన్న డెంటిన్ అలాంటిది కాదు. అందులో కంటికి కనబడనంత సన్నని గొట్టాలు లోపలి నరం వైపు సాగి ఉంటాయి. వాటి నిండా ద్రవం ఉంటుంది. చిగురు జారి గాని, ఎనామిల్ అరిగి గాని డెంటిన్ బయటపడితే, చల్లటి నీరో, పులుపో, చివరికి నోటితో పీల్చిన గాలో ఆ ద్రవాన్ని కదిలిస్తుంది. ఆ కదలిక నరాన్ని తాకడమే మీరు చెప్పిన జివ్వుమనడం.

మీ తోడికోడలి భయం కొట్టిపారేయదగినది కాదు, కాని దాని గురి కొంచెం తప్పింది. పంటికి నష్టం చేసేది ప్రధానంగా బ్రష్షు వేగం కాదు, చేతి బలం. దానికి తోడు గరుకైన పళ్ళపొడి, పులుపు. బజారులో దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు: చిన్న గుండ్రటి తల అటూ ఇటూ తిరిగేవి ఒకటి, పొడవాటి తల అతివేగంగా కంపించే సోనిక్ రకం మరొకటి. రెండింటిలోనూ రుద్దే పని యంత్రానిదే. దానిని పట్టుకుని కూడా పాత బ్రష్షుతో తోమినట్టే జోరుగా అడ్డంగా రుద్దితే, యంత్రం పని, చేతి పని రెండూ కలిసి ఆ జారిన చిగురు మీదనే పడతాయి. కొత్తగా కొన్నవారిలో చాలామంది చేసేది ఇదే.

కనుక మెత్తటి కుచ్చు ఉన్న తలనే బిగించండి. సున్నితమైన పళ్ళకు వేరే వేగం ఉంటే దానినే ఎంచుకోండి. తలను నోట్లో పెట్టుకున్న తరువాతే మీట నొక్కితే నురుగు చీర మీద చిందదు. చిగురు, పన్ను కలిసే అంచున కుచ్చు ఆనీ ఆననట్టు ఉంచి, ఒక్కొక్క పంటి దగ్గర కొద్ది క్షణాలు ఆగి, రుద్దకుండా పక్క పంటికి జరపాలి. కర్రను పిడికిలితో కాక వేళ్ళ కొసలతో పట్టుకుంటే బలం దానంతటదే తగ్గుతుంది. చాలా బ్రష్షులు 30 సెకన్లకొకసారి చిన్నగా ఆగి, నోటిలో మరో భాగానికి వెళ్ళమని గుర్తు చేస్తాయి. మొత్తం 2 నిమిషాలు చాలు. ఎక్కువగా నొక్కితే ఎర్రదీపం వెలిగేదో, వేగం తగ్గేదో అయితే మీలాంటివారికి మరీ మంచిది. నన్నడిగితే, ఈ బ్రష్షుకు ఖర్చు చేయదగిన హంగు అదొక్కటే; ఫోనుకు కలిపే సదుపాయాలు లేకపోయినా లోటేమీ లేదు.

రక్తం కనబడిందని ఆపవద్దు. చిగుళ్ళ అంచున పేరుకున్న పాచి వల్ల వాచిన చిగురు తాకగానే రక్తం చిమ్ముతుంది. పాచి పోయేకొద్దీ వాపు తగ్గి రక్తమూ ఆగుతుంది. రెండు వారాలు దాటినా ఆగకపోతే గార పట్టి ఉండవచ్చు, దానిని దంతవైద్యుని చేత తీయించుకోవలసిందే. గిలిగింతలు అలవాటైతే పోతాయి. వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2014లో ప్రచురించిన సమీక్షలో 56 పరిశోధనలను పరిశీలించి, కరెంటు బ్రష్షును మూడు నెలలకు మించి వాడినవారిలో మామూలు బ్రష్షు వాడినవారి కంటే పాచి 21 శాతం, చిగుళ్ళ వాపు 11 శాతం తక్కువగా ఉన్నాయని తేల్చారు. ఆ లెక్క పాచికి, చిగుళ్ళకు సంబంధించినదే తప్ప జివ్వుమనడానికి సంబంధించినది కాదని గమనించండి.

ఆ బాధకు మందు పేస్టులో ఉంది. 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు నరం స్పందనను తగ్గిస్తుంది. స్టానస్ ఫ్లోరైడ్, ఆర్జినైన్ వంటివి ఉన్నవి ఆ సన్నని గొట్టాల మూతులను పూడుస్తాయి. పూటపూటా వాడుతూ పోతే రెండు నుంచి నాలుగు వారాలకు గాని తేడా తెలియదు కనుక, మధ్యలో పేస్టులు మార్చకండి. తోముకున్న తరువాత చెంబెడు నీళ్ళతో పుక్కిలించే అలవాటు మనకున్నది. దానివల్ల మందంతా కొట్టుకుపోతుంది. నురుగు ఉమ్మివేసి ఊరుకోవడం మేలు. పులుసు తిన్న వెంటనే, గూడూరు నిమ్మకాయ పిండుకున్న షర్బత్ తాగిన వెంటనే తోముకోవద్దు. పులుపు తగిలిన ఎనామిల్ కొంతసేపు మెత్తబడి ఉంటుంది. నీళ్ళతో నోరు కడుక్కొని, కనీసం అరగంట ఆగాలి.

ఇక మీ గోధుమరంగు మచ్చల సంగతి. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీటి వల్ల వచ్చే ఫ్లోరోసిస్ అనే జబ్బు మన దేశంలో మొదట నమోదైంది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలోనే. మీ కనిగిరి ప్రాంతం కూడా అప్పుడు ఆ జిల్లాలోదే. చిన్నతనంలో పళ్ళు తయారవుతున్నప్పుడు తాగిన నీటిలో ఫ్లోరైడ్ మితిమీరి ఉండడం వల్ల ఆ మచ్చలు ఎనామిల్‌లోనే ఏర్పడ్డాయి కనుక, ఏ బ్రష్షూ వాటిని తీయలేదు. తీయాలని ఉప్పు, బొగ్గుపొడి, ఇటుకపొడి వేసి రుద్దేవారి పళ్ళే ఎక్కువగా అరుగుతాయి. ఫ్లోరైడ్ పేస్టు వల్ల మచ్చలు పెరుగుతాయన్న భయమూ వద్దు. పెద్దవారి పళ్ళు ఏనాడో తయారై ఉన్నాయి, పైగా పేస్టును మింగము.

చల్లదనం పోయిన తరువాత కూడా నొప్పి నిలిచి ఉంటే, కొరికితే పోటు పొడిచినట్టుంటే, రాత్రి నిద్రలో లేపితే, అది పిప్పిపన్నో, పంటిలో పగులో కావచ్చు; అప్పుడు పేస్టుతో కాలక్షేపం చేయకుండా దంతవైద్యుని కలవండి. మరొక మాట: అమెరికాలో కొన్న బ్రష్షుల చార్జర్లు కొన్ని అక్కడి 110–120 వోల్టుల కరెంటుకే పనికివస్తాయి. చార్జర్ మీద 100–240 అని రాసి ఉంటేనే మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టండి; ప్లగ్గు కాళ్ళు మార్చే చిన్న అడాప్టర్ వోల్టేజీని తగ్గించదు.

ప్రశ్న: మా నాన్నగారికి 78 ఏళ్ళు. చెయ్యి వణకడం వల్ల బ్రష్షు సరిగా తిప్పలేరు. గుండెకు పేస్‌మేకర్ ఉంది. ఆయనకు కరెంటు బ్రష్షు కొనవచ్చునా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఇలాంటివారికే ఇది బాగా ఉపయోగపడుతుంది, 1954లో స్విట్జర్లండ్‌లో వచ్చిన తొలి కరెంటు బ్రష్షు కూడా చేతుల కదలిక సరిగా లేనివారిని దృష్టిలో పెట్టుకుని చేసిందే. లావుపాటి పిడి ఉన్నది చూడండి. పేస్‌మేకర్ ఉన్నవారికి బ్రష్షు వల్ల సాధారణంగా ఇబ్బంది ఉండదు గాని, చార్జర్ దిమ్మను ఛాతీకి జానెడు దూరంలోపు తేకూడదు. కొనే ముందు ఆయన గుండె వైద్యుని ఒక్కమాట అడగండి. సందేహంగా ఉంటే చార్జరే అక్కరలేని, సెల్లులు వేసుకునే రకం తీసుకోవచ్చు. కుచ్చు విచ్చుకుపోయినా, పోకపోయినా మూడు నెలలకొకసారి తల మార్చవలసి ఉంటుంది కనుక, ఆ మోడల్‌కు విడి తలలు ఒంగోలులోనే దొరుకుతాయో లేదో ముందుగా దుకాణంలో కనుక్కోండి.