అల్లునికి ఇంజన్ సంగతి

చిరంజీవి అల్లునికి మామ ఆశీస్సులు.

కొత్త కారు పెట్రోలుది కొనాలా, డీజిలుది కొనాలా అని నువ్వడిగిన మాట రాత్రంతా మనసులో మెదులుతానే ఉంది. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నా.

కంపెనీ పేరు పక్కన పెట్టి ముందు నీ తిరుగుడు చూడు. ఇంటి నుంచి ఏడురోడ్ల కూడలి మీదుగా ఆసుపత్రికి నాలుగు కిలోమీటర్లు, మళ్లీ వెనక్కి. రెండు నెలలకోసారి బెంగళూరు. ఏడాదికి 6,000 కిలోమీటర్లు దాటదు. డీజిల్ బండి లీటరుకు 16, పెట్రోల్ బండి 12 ఇస్తాయనుకో. లీటరు డీజిల్ 97, పెట్రోల్ 110 అని వేసుకో. డీజిల్‌తో ఏడాదికి మిగిలేది 18,600 రూపాయలు, అంటే నెలకు పదహైదు వందల చిల్లర. ఆ చిల్లర కోసం నేను పడిన పాట్లు నువ్వు పడొద్దు.

నాది బీఎస్6 డీజిల్ కారు, అంటే కొత్త కాలుష్య నిబంధనల ప్రకారం చేసింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు రోజూ హైవే మీద పరిగెత్తింది, ఒక్కరోజు మొరాయించలేదు. రిటైరయినాక మార్కెట్టుకు, గుడికి తప్ప తియ్యలేదు. ఒకరోజు డ్యాష్‌బోర్డులో పసుపు లైటు వెలిగింది. పట్టించుకోలేదు. పది రోజులకు బండి ఎంత తొక్కినా లాగలేదు. మెకానిక్ డిప్‌స్టిక్ తీసి నా ముక్కు దగ్గర పెట్టినాడు: ఆయిల్ పై గీత దాటి ఉంది, గుప్పున డీజిల్ వాసన. పొగగొట్టంలోని ఫిల్టర్‌లో మసి చేరుతుంది. అది కాలాలంటే 600 డిగ్రీల దాకా వేడెక్కాల, దానికి ఇరవై నిమిషాలన్నా ఆగకుండా పరుగుండాల. ఆ వేడి కోసం ఇంజన్ డీజిల్ ఎక్కువ చిమ్ముతుంది. నేను మధ్యలోనే ఆపేస్తావుంటే మసి కాలక, మండని డీజిల్ ఆయిల్లోకి దిగింది. తప్పు బండిది కాదు, నా వాడకానిది. నీ నాలుగు కిలోమీటర్లూ అచ్చం అట్లాంటివే.

ప్రొద్దుటూరు నుంచి వారానికి రెండుసార్లు మద్రాసుకు పోయేవాడు అడిగింటే కళ్లు మూసుకుని డీజిలే తీసుకోమంటా. 2023లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎక్స్1 డీజిల్‌కు టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, 360 న్యూటన్ మీటర్లు, పెట్రోల్‌కు 230. బెంజ్ జీఎల్ఏ డీజిల్‌కు 400. నిండా మనుషులతో గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. గేరు దిగకుండా, అరవకుండా పోతుంది.

నీకు పెట్రోలే. అయితే అన్ని పెట్రోళ్లూ ఒకటి కాదు అల్లుడా. ఎక్స్1ది 1.5 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజన్, 136 హార్స్‌పవర్. జీఎల్ఏది 1.3 లీటర్లు, నాలుగు సిలిండర్లు, 163. ఆడి క్యూ3ది రెండు లీటర్లు, 190, నాలుగు చక్రాలకూ శక్తి పోతుంది, టార్క్ 320. అక్క, అదే మీ అమ్మ, మోకాళ్ల నొప్పులతో వెనక కూర్చుంటుంది, మీ నలుగురితో బెంగళూరు పోవాల కాబట్టి నా మనసు రెండు లీటర్ల వైపే ఉంది. పెద్ద ఇంజన్ ఊర్లో తాగుతుంది, నిజమే. నువ్వు తిరిగే దూరానికి అదేమంత భారం కాదు.

ఇంకో మాట. ఈ మూడు పెట్రోళ్లకూ గేర్‌బాక్స్‌లో జంట క్లచ్చులే. ఎత్తు మీద ట్రాఫిక్‌లో ఆగితే యాక్సిలరేటర్ అదిమి బండిని నిలబెట్టొద్దు, క్లచ్చులు కాగిపోతాయి. బ్రేకు తొక్కు.

టెస్ట్ డ్రైవ్‌కు ఒక్కడివే పోవాకు. అక్కను, అమ్మాయిని, పిల్లోన్ని ఎక్కించుకుని, ఏసీ వేసి, ఫ్లైఓవర్ మీద నిదానంగా పోతా ఒక్కసారి తొక్కు. కదలడానికి ఎంతసేపు తడబడుతుందో చూడు. వెనక కూర్చున్న అక్కను కూడా అడుగు.

అడ్వాన్సు ఇప్పుడే కట్టొద్దు. ఈ నెలంతా పొద్దున, రాత్రి మీటర్ చూసి కాగితం మీద రాసి నాకు పంపు. నేను వేసిన 6,000 లెక్క తప్పయితే ఇంకో జాబు రాస్తా.

ఇట్లు,
నీ మామ