అమ్మలూ, ఆ గోడకి సిమెంటు తగలనివ్వకు

అమ్మలూ,

స్కాట్లాండ్‌లో, ఎడిన్‌బరోలోని న్యూ టౌన్ అనే పాత పేటలో ఫ్లాట్ చూశావని మీ నాన్న చెప్పినప్పటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. రెండొందల ఏళ్ల రాతి మేడలో మన పిల్లకి సొంత ఇల్లు! పొద్దున్నంతా అందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

అమ్మేవాళ్లు ఇచ్చే హోమ్ రిపోర్ట్, అదే ఇంటి పరిస్థితి చెప్పే నివేదిక, మొత్తం చదువు, మరమ్మతుల్లో 3 అంకె వేసినవి, అంటే వెంటనే చేయించాల్సినవి, ముందు చూడు. సొలిసిటర్ (ఇళ్ల కొనుగోళ్లు చూసే లాయరు) లేకుండా ఆఫర్ పెట్టకు. కింది అంతస్తే కదా అని పైకప్పుని మర్చిపోకు. దస్తావేజుల్లో వేరేగా లేకపోతే, ఒకే మేడలో పలువురి ఫ్లాట్లున్నచోట వర్తించే 2004 నాటి టెనిమెంట్ చట్టం ప్రకారం ఆ ఖర్చులో నీకూ వాటా పడుతుంది.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను. మీ నాన్నకి కూడా తెలియదు.

నేనక్కడ ఉన్నప్పటి నా ఫ్లాట్ కూడా లిస్టెడ్ బిల్డింగే, అంటే కాపాడాల్సిన పాత కట్టడమని ప్రభుత్వం జాబితాలో పెట్టిందే. వెనక గోడ రాళ్ల సందుల్లో పాత సున్నం రాలుతుంటే, ఎవరినీ అడక్కుండా, చవగ్గా అయిపోతుందని సిమెంటు పెట్టించాను. నున్నగా ఉందని మురిసిపోయాను కూడా. ఆ ఇసుకరాయి వాన నీళ్లు పీలుస్తుంది. ఆ తడి మెత్తటి సున్నంలోంచి ఆరిపోవాలి. ఆ దారి నేనే మూసేశాను. రాయిలో నిలిచిన నీళ్లు చలికి గడ్డకట్టి, రెండు శీతాకాలాలకే రాయి పైపొర పొలుసులుగా ఊడింది. లోపల బీరువా పక్కనున్న అమ్మ ఫోటో తీసి చూస్తే అట్ట వెనకంతా నల్లటి బూజు. అద్దం లోపల అమ్మ చెంప దాకా పాకింది. ఆ ఫోటోకి ఇంకో కాపీ లేదు.

తాతయ్య ఇల్లు డంగుసున్నంతో కట్టిందేనమ్మా. గానుగ చుట్టూ ఎద్దు తిరుగుతుంటే దాని వెనకే తిరిగినవాణ్ణి, నాకెందుకు తట్టలేదో! సిమెంటు గీకించి మళ్లీ సున్నం పెట్టించడానికి ఎన్నో రెట్లు ఖర్చయింది. ఊడిన రాయి మాత్రం ఊడినట్టే ఉంది.

చేరగానే కిటికీలకి డబుల్ గ్లేజింగ్, అదే రెండు పొరల అద్దాలు, పెట్టించేస్తానన్నావట. బుద్ధుందా? లిస్టెడ్ బిల్డింగులో అనుమతి లేకుండా అలా మార్చడం అక్కడ నేరం. ముందు కౌన్సిల్‌ని, అంటే అక్కడి నగరపాలక సంస్థని అడుగు, ఒప్పుకునే పద్ధతులు ఉంటాయి. పాత ఓనరు మార్చినవాటికీ కాగితాలు అడుగు. అనుమతి లేకపోతే సరిచెయ్యమని నోటీసు నీకే వస్తుంది.

కోప్పడ్డానని బాధపడకు. నీ చిన్నప్పుడు నేను సెలవుకి వచ్చినప్పుడు, ఆయాసంతో నువ్వు పడుకోలేకపోతే తెల్లవార్లూ భుజాన వేసుకుని వసారాలో తిరిగాను. ఆ పిల్లికూతలు ఇంకా నా చెవిలోనే ఉన్నాయి. చెమ్మగోడ పక్కన నువ్వొక్కదానివే పడుకోవడం నేను ఊహించుకోలేను.

ఇంకోసారి చూడ్డానికి వాన పడే రోజునే వెళ్లు. బీరువా తలుపు తీసి వాసన చూడు, వెనక గోడకి అరచెయ్యి ఆనించు. బయటికి రాగానే నాకు ఫోన్ చెయ్యి. ఇక్కడ ఎంత రాత్రయినా సరే, మేలుకునే ఉంటాను.

మీ బాబాయి