నడుంలో నరం నొక్కుకుంటే ఆపరేషన్ తప్పదా?

మీ వారికి ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుం పూసల్లో నాలుగోదానికీ ఐదోదానికీ మధ్య, డిస్కు (పూసల మధ్య ఉండే మెత్తటి దిండు) ఉబ్బి నరాన్ని నొక్కుతోందని ఎమ్మారైలో వచ్చింది, ఆపరేషన్ తప్పదా అని అడిగారు. ఆ రిపోర్టు బీరువాలో పెట్టి ముందు ఆయన కాలు పరీక్ష చేయించండమ్మా.

నాదీ అదే ఎల్4-ఎల్5. మాది కిరాణా కొట్టు. బియ్యం బస్తా దించుతుంటే పట్టేసింది. విచిత్రమేంటంటే నడుం పెద్దగా నొప్పి లేదు. బాధంతా కాలిదే. పిర్ర నుంచి పిక్క పక్కగా బొటనవేలి దాకా కరెంటు కొట్టినట్టు జివ్వున లాగేది. తుమ్మొస్తే భయం.

పెద్దాసుపత్రికి వెళ్తే అక్కడి డాక్టరు ఫిల్ము లైటు ముందు పెట్టి చూసి సర్జరీ అన్నారు. నన్ను చెప్పులు కూడా విప్పమనలేదు. బయటికొచ్చేసరికి కౌంటర్లో అమ్మాయి ప్యాకేజీ కాగితంతో రెడీ!

తర్వాత మా ఊళ్లో సర్కారు కొలువు నుంచి రిటైరైన ఎముకల డాక్టరు దగ్గరికి పోయాను. కవరు పక్కన పెట్టమన్నాడాయన. పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు మెల్లగా పైకెత్తాడు. సగం లేచిందో లేదో కెవ్వుమన్నాను. "అదీ సంగతి" అన్నాడు. తర్వాత బొటనవేలి మీద తన వేలుంచి నొక్కిపట్టి, దీన్ని పైకి లేపవయ్యా అన్నాడు. లేపాను. మడమల మీద నడిపించాడు, మునివేళ్ల మీద నడిపించాడు, సుత్తితో మోకాలి దగ్గరా మడమ వెనకా కొట్టి చూశాడు. అన్నీ అయ్యాకే ఫిల్ము తీశాడు. "కాల్లో బలం తగ్గలేదు. నీ వయసులో నొప్పి లేనివాళ్లకు తీసినా ఇలాంటి ఉబ్బులు చాలామందికి కనిపిస్తాయి. చాలావరకు ఒకటిన్నర నెల నుంచి మూడు నెలల్లో సర్దుకుంటుంది. మంచం మాత్రం పట్టకు, నడువు" అన్నాడు.

మా అత్తగారేమో చెక్క మీద కదలకుండా పడుకోమని పోరు. ఆవిడ మాట వింటే ఇప్పటికీ చెక్క మీదే ఉండేవాణ్ణి. ఉదయం కాస్త, సాయంత్రం కాస్త నడిచాను, బస్తాలు కుర్రాడికి అప్పగించాను. నరాల నొప్పికిచ్చిన ప్రీగాబలిన్ బిళ్లకు గల్లాపెట్టె ముందే తూగేవాణ్ణి. నెమ్మదిగా తగ్గింది. తిమ్మిరి మాత్రం చివర్లో పోయింది. నడుం బెల్టు మందుల షాపువాడికి తప్ప ఎవరికీ పనికిరాదని నా గట్టి నమ్మకం. నరం సరిచేస్తామని వీపెక్కి తొక్కేవాళ్ల దగ్గరికి మాత్రం ఆయన్ని పంపకండి.

నెలలు గడిచినా నొప్పి నిద్రపోనివ్వకపోతే ఆపరేషన్ మాట ఆలోచించవచ్చు. బొటనవేలు లేవకపోయినా, పాదం ఈడుస్తూ నడుస్తున్నా వెంటనే డాక్టరుకు చూపించాలి. మూత్రం రాకపోయినా, తెలియకుండా పోతున్నా, సైకిలు సీటు తగిలే చోట మొద్దుబారినా తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. అప్పుడు ఆపరేషన్ అంటే మాత్రం వెనకాడకండి.