పాత జిప్సీకి కార్బొరేటర్ మార్చాలా? ముందు థ్రాటిల్ షాఫ్ట్ చూడు, తర్వాతే డబ్బులు తియ్యి

తమ్ముడూ, నీ ప్రశ్న చదివినా. 1998 జిప్సీ కింగ్, కార్బొరేటర్ (పెట్రోలు, గాలి కలిపి ఇంజన్‌కి పంపేది, పొట్టిగా కార్బ్) మోడల్, ప్రొద్దుటూరు పక్కన చేను కాడికి, అప్పుడప్పుడు గండికోట రాళ్ల దావల్లోకి పోతావు, స్లోలో (యాక్సిలరేటర్ మీద కాలు తీసినప్పుడు) నిలబడట్లేదు, మిట్ట ఎక్కేటప్పుడు ఆగిపోతోంది, మెకానిక్ కార్బ్ పోయింది అంటున్నాడు, ఇప్పుడు కిట్టు వేయించాలా, కొత్త కాపీ కార్బ్ కొనాలా, వెబర్ 32/36 (పెద్ద నోటి బయటి కంపెనీ కార్బ్) తెప్పించాలా అని అడిగినావు. అనంతపురంలో నేను ఇదే బండి చానా ఏండ్లుగా నడుపుతున్నా, ఈ మూడు రకాలూ మా పక్క బండ్లల్లో చూసినా, అందుకే రోంత వివరంగా రాస్తా.

ముందు ఎయిర్ ఫిల్టర్ గొట్టం తీసి థ్రాటిల్ షాఫ్ట్ (యాక్సిలరేటర్ తొక్కితే గాలి మూత తిప్పే కడ్డీ) పట్టుకొని పైకీ కిందికీ ఆడించు. లటలటా ఊగితే ఆ సందులోంచి గాలి లోపలికి పోతా ఉంటుంది, అట్లాంటి కార్బ్‌కి ఎన్ని కిట్లు వేసినా స్లో నిలబడదు, ఎందుకంటే కిట్టులో వచ్చేది గ్యాస్కెట్లు, నీడిల్, డయాఫ్రం, అంతే, అరిగిన బాడీని అది బాగుచేయదు. షాఫ్ట్ గట్టిగా ఉంటే మాత్రం కొత్త కార్బ్ ఆలోచనే వద్దు, మంచి కిట్టు వేయించి, బాడీ విప్పి జెట్లన్నీ (పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రాల ముక్కలు) క్లీనర్ కొట్టి గాలి పట్టిస్తే చాలు. జెట్లలో తీగ పెట్టి పొడవనీయొద్దు, రంధ్రం రవ్వంత పెద్దదైనా లెక్కంతా తప్పుతుంది.

ఇంకోటి, కార్బ్ అనుకున్న రోగం కార్బ్‌ది కాకుండా కూడా ఉంటుంది. ప్లగ్గులు, టైమింగ్, టాపెట్ క్లియరెన్స్ (వాల్వుల కాడ ఉండాల్సిన సందు) ఈ మూడూ సరిచేసినాకే కార్బ్ మీద చెయ్యి వేయాల. తర్వాత ఇంజన్ స్లోలో పెట్టి కార్బ్ కింద ఉండే ఇన్సులేటర్ (ఇంజన్ వేడి కార్బ్‌కి పోకుండా ఆపే దిమ్మ) చుట్టూ, వాక్యూమ్ హోసుల కాడ కార్బ్ క్లీనర్ స్ప్రే కొంచెం కొంచెం కొట్టు (ఎగ్జాస్ట్ మీద పడకుండా, అది మండుతుంది), యాడ కొట్టినప్పుడు ఆర్‌పీఎం మారుతుందో ఆడ లీకు. మన ఎండలకి ఆ ఇన్సులేటర్ పగుళ్లిస్తుంది, దాన్ని ఎవరూ చూడరు, అందరూ స్క్రూలే తిప్పుతా కూర్చుంటారు. స్లో కట్-ఆఫ్ సోలెనాయిడ్‌కి (స్లోలో పెట్రోలు వదిలే కరెంటు వాల్వు) 12 వోల్టులు వస్తున్నాయా అని కూడా చూడు, ఆ వైరు ఊడితే కాలు తీయంగానే బండి ఆగిపోతుంది.

సరే, షాఫ్ట్ నిజంగానే అరిగిపోయింది అనుకుందాం. నా ఓటు ఒరిజినల్ బాడీకే. మంచి లేతు వర్క్‌షాప్‌లో రీమర్ వేసి గన్‌మెటల్ బుష్‌లు కొట్టిస్తే ఆ పాత బాడీనే ఏండ్ల తరబడి పని చేస్తుంది, లేదంటే బెంగుళూరు జేసీ రోడ్డులో పాత సామాన్ల అంగళ్లలో షాఫ్ట్ ఆడించి చూసి మంచి ఒరిజినల్ తెచ్చుకో. సస్తా కాపీ కార్బ్‌లు నాకు నచ్చవు, చూడ్డానికి అచ్చు అట్లే ఉంటాయి గానీ మా పక్క ఒక బండికి వేసిన దాంట్లో జెట్ మీద నంబరు ఒకటి, రంధ్రం సైజు ఇంకొకటి, అట్లాంటప్పుడు ట్యూనింగ్‌కి ఆధారమే ఉండదు.

వెబర్ సంగతి. మంచి కార్బే, సుజుకి సమురాయ్‌లకి బయటి దేశాల్లో శానా మంది వేస్తారు. కానీ లెక్క చూడు: మన ఇంజన్ 1298 సీసీ, రెండు చుట్లకి ఒకసారి గాలి పీలుస్తుంది, అంటే 6000 ఆర్‌పీఎం కాడ ఫుల్ థ్రాటిల్‌లో కూడా నిమిషానికి 3100 లీటర్ల గాలి, అదీ 80 శాతం నిండుతుంది అనుకుంటే. రాళ్లల్లో లో గేర్‌లో నువ్వు ఉండేది 1500 కాడ, అప్పుడు దాంట్లో నాలుగో వంతు కూడా పోదు. నోరు పెద్దదైతే గాలి మెల్లగా పోతుంది, పెట్రోలు సరిగ్గా చెదరదు, యాక్సిలరేటర్ తొక్కంగానే గుక్క పడుతుంది. హైవే పికప్ కావాలంటే వేరు, రాళ్ల దావకి చిన్న నోరే మేలు. అయినా వెబరే వేస్తానంటే ఫ్లోట్ గిన్నె (కార్బ్‌లో పెట్రోలు నిలిచే గిన్నె) ఏ వైపు వస్తుందో చూసి బిగించు. గిన్నె ముందు వైపు ఉంటే మిట్ట ఎక్కేటప్పుడు అది జెట్ కంటే పైకి లేచి మిక్చర్ రిచ్ (పెట్రోలు ఎక్కువ) అవుతుంది, వెనక ఉంటే పెట్రోలు అందక బండి సరిగ్గా మిట్ట మధ్యలో ఆగుతుంది. నీ బండి ఇప్పుడు మిట్టలో ఆగుతోంది కదా, ఫ్లోట్ లెవెల్ (గిన్నెలో పెట్రోలు మట్టం) తక్కువై ఉండొచ్చు, అది కూడా కొలిపించు.

ఇంక ట్యూనింగ్. చెవితో చేసే పెద్ద మేస్త్రీలు ఉన్నారు, వాళ్ల మీద నాకు గౌరవమే, కానీ వాక్యూమ్ గేజ్ (ఇంజన్ గాలి పీల్చే బలం కొలిచేది) ఒకటి కొనుక్కో, దాని ధర ఎక్కువేం కాదు. ఇంజన్ బాగా వేడెక్కి చోక్ పూర్తిగా తెరుచుకున్నాక మిక్చర్ స్క్రూ మెల్లగా చివరిదాకా మూసి (బిగించొద్దు, సూది మొన చెడిపోతుంది) అక్కడ్నుంచి చుట్టున్నర, రెండు చుట్లు తెరువు. స్టార్ట్ చేసి, గేజ్‌లో ముల్లు ఎక్కువ చూపించే కాడికి స్క్రూ అటూ ఇటూ పావు చుట్టు చొప్పున తిప్పుతా పో, స్లో పెరిగితే స్లో స్క్రూతో మళ్లీ 850, 900కి దించు, మళ్లీ మిక్చర్ చూడు. ఆరోగ్యంగా ఉండే ఇంజన్‌కి సముద్ర మట్టంలో గేజ్‌లో 17 నుంచి 21 ఇంచులు (పాదరసం లెక్కలో) రావాల, ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ దాదాపు ఒక ఇంచు తగ్గుతుంది, అంటే అనంతపురంలో మా బండి మీ దాని కంటే కొంచెం తక్కువ చూపిస్తే అది రోగం కాదు. ముల్లు ఊగులాడుతుంటే కార్బ్ వదిలేసి వాల్వులు చూడాల.

గేజ్ అయినాక పొల్యూషన్ సెంటర్‌కి పోయి ఆడే స్లోలో సీఓ (పొగలో కార్బన్ మోనాక్సైడ్) చూపించమను. మన పాత బండ్లకి పరిమితి 3 శాతం, నేనైతే ఒకటిన్నర, రెండు మధ్యలో పెట్టుకుంటా, ఎండలో స్లో నిలకడగా ఉంటుంది. రోడ్డు మీద ప్లగ్ రంగు చూడు, బిస్కెట్ రంగు బాగు, తెల్లగా ఉంటే లీన్ (పెట్రోలు తక్కువ), నల్ల మసి ఉంటే రిచ్.

ఇప్పుడొచ్చే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుతో లీన్ బాధ జాస్తి అయింది. మామూలు పెట్రోలు కిలోకి 14.7 కిలోల గాలి సరిపోతే దీనికి 13.5 దగ్గర చాలు, కార్బ్‌కి ఆ సంగతి తెలియదు గదా, పాత జెట్‌తోనే పోస్తుంది. ప్లగ్గులు తెల్లబడుతుంటే మెయిన్ జెట్ ఒక సైజు పెంచు, అంతకు మించి వద్దు, వెబర్‌లో 140 నుంచి 145కి పోతేనే రంధ్రం వైశాల్యం 7 శాతం పెరుగుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో బండి ఆపి పది నిమిషాలకి మళ్లీ స్టార్ట్ కాకపోతే గిన్నెలో పెట్రోలు ఉడికి మానిఫోల్డ్‌లోకి (కార్బ్ నుంచి ఇంజన్‌కి పోయే గొట్టం) దిగినట్టు. యాక్సిలరేటర్ కొట్టొద్దు, మొత్తం తొక్కిపెట్టి సెల్ఫ్ కొట్టు, క్లియర్ అవుతుంది. ఇది మాటిమాటికీ అవుతుంటే ఆ ఇన్సులేటర్, ట్యాంక్‌కి పోయే రిటర్న్ లైను చూడు, చానా మంది రిటర్న్ గొట్టం మూసేసి ఉంటారు. పాత రబ్బరు గొట్టాలు ఈ20కి మెత్తబడి పగులుతాయి, కార్బ్ బిగించే రోజే క్లిప్పులతో సహా అన్నీ మార్చు, ఇంజన్ నడుస్తుండగా ప్రతి జాయింటూ తడి ఉందేమో చేత్తో తడిమి చూసినాకే బానెట్ మూయి.